టేబుల్ క్లాత్ కింద రాత్రి

శనివారం పొద్దున విత్ అనే కుర్రాడు వేసుకున్న పథకం సులువైనదే. కాఫీ తాగాలి, సీసపు బొమ్మ సైనికుల దుమ్ము తుడవాలి, నాలుగింటికి వచ్చే కాలిక్స్ట్ గారిని మెప్పించాలి.

కాలిక్స్ట్ గారు పోలండ్‌లోని కుత్నో ఊళ్లో, బొమ్మ సైనికులతో బల్ల మీద ఆడే యుద్ధక్రీడల సంఘానికి అధ్యక్షులు. 1939లో జర్మన్ల మీద పోలిష్ దళం చేసిన రాత్రి దాడిని విత్ ఒక ఆటగా మలిస్తే, ఆయన రెండుసార్లు తిప్పి పంపారు. "అన్నీ చూసుకుంటూ ఆడుతున్నాం కదయ్యా, ఇందులో రాత్రెక్కడుంది?" అన్నారు. మూడోసారీ నచ్చకపోతే సంఘం వార్షికోత్సవంలో వేరేవాళ్ల ఆట పెట్టేస్తారు. అందుకే ఇంట్లో ఉన్న ఒక్క టేబులూ వారం నుంచి యుద్ధభూమి. విత్, రెగీనాలకు పెళ్లయి నాలుగు నెలలు. కిటికీ గట్టు మీద పళ్లేలు పెట్టుకుని, మోచేతులు తగులుతున్నాయని మురిసిపోతూ తింటున్నారు.

పదింటికి అత్తగారు ఫోన్ చేసి టేబుల్ సిద్ధమేనా అని అడిగారు. వారం నుంచి అదే పనిలో ఉన్నానన్నాడు విత్. ఎంతమంది అంటే, రెండు వందల మంది అన్నాడు. అయితే ఇంకాస్త సలాడ్ కలుపుతానని ఆవిడ ఫోన్ పెట్టేశారు. సలాడ్ ఎందుకో విత్‌కు అర్థం కాలేదు.

మూడింటికి తలుపు తీస్తే అత్తగారు, వెనక రెగీనా వాళ్ల గుస్తావ్ బాబాయి, ఆయన వెనక మెట్ల నిండా బంధువులు, పూలగుత్తులు. అప్పుడు వెలిగింది. ఇవాళ రెగీనా పేరు పండుగ, అంటే ఆమె పేరున్న పునీతురాలి రోజు, అక్కడ పుట్టినరోజుతో సమానం. పేరు పండుగకు ఎవరినీ పిలవరు, అందరూ వస్తారు.

"రెండు వందల మందన్నావు, ఏరీ అల్లుడూ?"

"టేబుల్ మీదున్నారండీ."

అత్తగారు ఆ సైన్యాన్ని తేరిపార చూశారు. "వీళ్లు తినరు కదా," అని సంచిలోంచి టేబుల్ క్లాత్ తీసి రెండు దేశాల మీదా పరిచేశారు. కదిలించొద్దని విత్ బతిమాలితే, కదిలించడం లేదు, కప్పుతున్నానన్నారు. సలాడ్ గిన్నె జర్మన్ శిబిరం మీద ఒరిగి కూర్చుంది.

నాలుగింటికి కాలిక్స్ట్ గారు సైనికుల కదలికలు కొలిచే కొలబద్దతో వచ్చారు. ఆలస్యంగా వచ్చిన చుట్టమనుకుని ఆయనను కూర్చోబెట్టి, చేతికి పళ్లెమిచ్చి, శుభాకాంక్షల పాటలో కలుపుకున్నారు. ఎవరో తెలియని మనిషి నూరేళ్లు బతకాలని ఆయన కూడా పాడారు. పాట అయ్యాక ఆట ఎక్కడని గుసగుసగా అడిగారు.

"దీని కిందండీ," అన్నాడు విత్, ప్రాణం పోయినట్టు.

ఆయన క్లాత్ కింద చెయ్యి పెట్టి తడిమారు. "గుర్రం... కాదు, ఫిరంగి. ఇదేంటి, తడిగా ఉంది?" అంతలో ఏదో ఆయన వేళ్లను పట్టుకుంది. "ఎవరది?"

క్లాత్ కిందికి జారిపోయిన ఊరవేసిన పుట్టగొడుగు కోసం అవతలివైపు నుంచి చెయ్యి దూర్చిన గుస్తావ్ బాబాయి, "ముందు మీరెవరో చెప్పండి," అన్నాడు.

"మనవాళ్లేనా?"

"పెళ్లికూతురి తరఫు."

కాలిక్స్ట్ గారు చెయ్యి తీయలేదు. విత్ కళ్లు మూసుకున్నాడు.

"నలభై ఏళ్ల నుంచి రాత్రి దాడులు ఆడుతున్నాను," అన్నారాయన మెల్లగా. "రాత్రయింది మాత్రం ఇవాళే. ఇలా కప్పి ఆడే నియమం ఎవరిది?"

"నాదే," అన్నారు అత్తగారు. "మరక పడితే మాత్రం మీరే ఉతకాలి."

క్లాత్ కింద ఇంకో చెయ్యి వచ్చి విత్ చేతిని పట్టుకుంది. అది రెగీనాది. అతను తన పేరు పండుగ మర్చిపోయాడని తనకు పొద్దున్నే తెలుసని ఆమె అతని చెవిలో చెప్పింది.

వార్షికోత్సవంలో విత్ ఆటే పెట్టారు. రూపకర్త స్థానంలో అత్తగారి పేరుంది, కింద చిన్న అక్షరాల్లో "సహకారం: అల్లుడు". నియమావళి చివరి వాక్యం ఇది: టేబుల్ క్లాత్ ఆటతోపాటే వస్తుంది, పుట్టగొడుగులు ఆటగాళ్లే తెచ్చుకోవాలి.