తెలుగు జీనోమ్‌కు బజ్జీలతో ప్రారంభోత్సవం

మెల్‌బోర్న్ శివారులోని వెర్రిబీ తెలుగు సంఘం అధ్యక్షులు కేశవరావుగారు ఒక ఆదివారం వనభోజనాల్లో మైకు అందుకుని, తెలుగుజాతి జీనోమ్‌ను త్వరలో ప్రపంచానికి అందిస్తున్నట్టు ప్రకటించారు. మనిషి జన్యువులన్నిటి పటాన్ని జీనోమ్ అంటారన్న మాట ఆయన ఆ ఉదయమే విన్నారు. కొత్త విషయాన్ని సాయంత్రం దాకా దాచుకోవడం ఆయన స్వభావంలో లేదు.

ఆ మాట చెప్పింది జ్ఞానప్రసూన. మెల్‌బోర్న్‌లో ఓ యూనివర్సిటీలో ప్రొఫెసర్. చైనా జాతులవారికి పోలికకు నమూనాగా వాడే రిఫరెన్స్ జీనోమ్‌లు తయారుచేసే బృందంలో ఉంది. చైనావాళ్లంటే అందరూ ఒకటి కాదనీ, హాన్, హుయ్, జువాంగ్ అంటూ ఎన్నో జాతులున్నాయనీ, ఒక జనానికి సరైన నమూనా లేకపోతే వాళ్ల జన్యువుల్లో కనబడేది జబ్బో మామూలు తేడానో డాక్టరుకు తెలియదనీ ఆమె వివరించింది. కేశవరావుగారికి అందులో ఒక్కటే వినబడింది: చైనావాళ్లకుంది, మనకు లేదు.

జ్ఞానప్రసూన మాత్రం నిజంగానే సంతోషించింది. అక్క కూతురు చైత్రకు గుండె జబ్బు అనుమానంతో జన్యు పరీక్ష చేసి, "ఈ మార్పు ప్రమాదమో కాదో చెప్పలేం" అని పంపేశారు. పోల్చి చూడటానికి తెలుగువాళ్ల డేటా లేదు. అందుకే సంఘానికి సలహాదారుగా ఉండటానికి ఒప్పుకుంది.

మొదటి మీటింగ్ అంతా ముందు ఎవరి రక్తం తీయాలన్న దానిమీదే నడిచింది. కోస్తా, తెలంగాణ, రాయలసీమలకు మూడు సబ్‌కమిటీలు పడ్డాయి. కేశవరావుగారు అందరినీ శాంతపరచి తన రక్తం చాలన్నారు.

"ఒక్కరిది చాలదు అంకుల్. రెండొందల మందైనా కావాలి," అంది జ్ఞానప్రసూన.

"అంతమంది ఎందుకమ్మా? అధ్యక్షుడంటే అందరి ప్రతినిధే కదా."

పక్కనే ఉన్న ట్రుగనీనా కమ్యూనిటీ హాల్లో శిబిరం పెట్టారు. సంఘంవారు చవకగా మాట్లాడుకున్న ఓ ల్యాబ్ కంపెనీ, ముందే "తెలుగు" అని అచ్చేసిన ట్యూబులతో వచ్చింది. జనం బ్రహ్మాండంగా కదిలారు, అయితే బజ్జీల వైపు. ఇన్సూరెన్స్ పెరుగుతుందని ఒకరు, అమ్మాయికి సంబంధాలు చూస్తున్నామని ఇంకొకరు తప్పుకున్నారు. ఉపాధ్యక్షుడు శేషాద్రి రెండో ప్లేటు బజ్జీలు తింటూ, ఈరోజు ఉపవాసమన్నాడు. జ్ఞానప్రసూన, చైత్ర తప్ప రక్తమిచ్చే కుర్చీలో కూర్చున్నవారు లేరు.

చివరికి జనానికి ధైర్యం చెప్పమని జ్ఞానప్రసూన తన ప్రాజెక్టుకు రక్తమిచ్చిన చైనా పెద్దావిడ లిన్‌కు ఫోన్ చేసింది. లిన్ తనతో తైచీ వ్యాయామం చేసే చైనావాళ్లందరినీ వెంటబెట్టుకొచ్చింది. వాళ్లు కబుర్లు చెప్పుకుంటూ చేతులు చాపి రక్తమిచ్చి, బజ్జీలు తిని, చట్నీ బాగుందని మెచ్చుకుని వెళ్లారు. మనవాళ్లు వాళ్ల ధైర్యానికి చప్పట్లు కొట్టారు. కేశవరావుగారు చొక్కా చెయ్యి మడిచి, మోచేతి మీద దూది అంటించుకుని ఫోటో దిగారు. సూది ఆయన దాకా రాలేదు.

ఆ ట్యూబులు వెంటనే పక్కన పెట్టించాలని జ్ఞానప్రసూన పట్టుబట్టింది. "అవి తెలుగువాళ్లవి కావు అంకుల్."

"మన హాల్లో, మన బజ్జీలు తిని ఇచ్చారమ్మా. ఇంకేం కావాలి? రక్తంలో భేదాలు చూడకూడదు."

ఆమె రాజీనామా చేసింది. చేసినందుకు సంఘం ఆమెకు శాలువా కప్పింది. ఇళ్ల లోన్లు ఇప్పించే వంశీధర్ కొత్త సలహాదారయ్యాడు. తరవాతి శనివారం ఒక మంత్రిగారు వచ్చి బటన్ నొక్కగా, తెలుగు జీనోమ్ లోకానికి వెల్లడైంది.

చలికాలంలో కేశవరావుగారికి గుండెదడ మొదలై ఆసుపత్రిలో చేరారు. పరీక్షలయ్యాక ఆయనే జ్ఞానప్రసూనకు కబురుపెట్టారు. ఆమె కంగారుగా వెళ్లేసరికి ఆయన దిండుకు ఆనుకుని కిటికీ వైపు చూస్తున్నారు. డాక్టరు ఏమన్నారని అడిగింది.

"జన్యువులో ఏదో మార్పుందట. మంచిదో చెడ్డదో చెప్పలేమన్నారు. మన జీనోమ్ ఉండగా బెంగెందుకు, దాంతో పోల్చండని నేనే చెప్పాను."

"పోల్చారా?"

"పోల్చారు. నేను తెలుగువాణ్ణి కాదని తేలిందమ్మా."

జ్ఞానప్రసూన నవ్వలేదు. మంచం పక్కన కూర్చుని, అన్నదమ్ములకీ పిల్లలకీ పరీక్ష చేస్తే ఆ మార్పు సంగతి కొంతైనా తెలుస్తుందనీ, ఆలస్యం చేయకూడదనీ, తనే డాక్టరుతో మాట్లాడతాననీ చెప్పింది. ఆయన అంతా బుద్ధిగా విని ఆమె చెయ్యి పట్టుకున్నారు.

"అదంతా తరవాత చూద్దాం. ముందు ఈ సంగతి శేషాద్రి చెవిన పడకుండా చూడమ్మా. వచ్చే నెలే ఎన్నికలు. అధ్యక్షుడు తెలుగువాడే అయ్యుండాలని బైలాస్‌లో నేనే రాయించాను."