చిన్నాకు ఎప్పుడూ పంతొమ్మిదే

ఆ రోజు సుబ్బరాజు గారి కార్యక్రమం చాలా చిన్నది. ఎనిమిదిన్నరకి ఆటో ఎక్కాలి, ఓడలరేవులో సినిమా షూటింగు దగ్గర దిగాలి, హీరోకి ఒకే ఒక్క మాట చెప్పాలి, పన్నెండింటికల్లా అమలాపురం తిరిగొచ్చి భోంచెయ్యాలి.

హీరో అంటే అలాంటి ఇలాంటి హీరో కాదు, తుఫాన్ స్టార్ భార్గవచంద్ర. ముప్పై రెండేళ్ల కిందట, పడవెక్కి గోదావరి దాటి కాలేజీకి వెళ్లే చిన్నా వేషంతో రాష్ట్రాన్ని ఊపేసిన మనిషి. చిన్నా కథ మూడు భాగాలొచ్చింది, ఇప్పుడు నాలుగోది తీస్తున్నారు. భార్గవచంద్రకి అరవై నాలుగు నిండాయి. చిన్నా మాత్రం ఇంకా డిగ్రీ మొదటి సంవత్సరంలోనే ఉన్నాడు.

సుబ్బరాజు గారు కొబ్బరి వ్యాపారి. అమలాపురం అభిమాన సంఘం పెట్టిన నాటి నుంచీ దానికి ఆయనే అధ్యక్షుడు. మూడో భాగం విడుదలైనప్పుడు చిన్నా సైకిలు మీంచి దూకే చోట హాలు హాలంతా నవ్వింది. ఈలలు వెయ్యాల్సిన చోట నవ్వారు. సుబ్బరాజు గారికి ఏడుపొచ్చింది. హాల్లో చీకటి కాబట్టి పరువు దక్కింది. ఆ నవ్వు మళ్లీ వినడం తన వల్ల కాదని ఆయన సంఘం మీటింగులో లేచి నిలబడ్డారు. చిన్నా వేషం ఎవరైనా కుర్రాడికి వదిలేసి తండ్రి వేషం వెయ్యమని భార్గవచంద్రకి తానే స్వయంగా చెప్తానన్నారు. చెప్పలేకపోతే అధ్యక్ష పదవి వదిలేస్తానని పలివెల కొప్పులింగేశ్వరుడి మీద ఒట్టు కూడా వేశారు.

"ఒట్టుకి మంచి దేవుణ్ణే చూసుకున్నారు," అంది భార్య సత్యదుర్గ, క్యారేజీ గిన్నెలు సర్దుతూ. "పూజారి ఆడిన అబద్ధం నిలబెట్టడానికి రాతి మీద జుట్టు పెంచుకున్న స్వామి ఆయన. మీ అబద్ధం ఆయనకో లెక్కా?"

"నేనెందుకు ఆడతానే అబద్ధం? 'అయ్యా, చిన్నా వేషం కుర్రాళ్లకిచ్చేసి తమరు నాన్నగారి వేషం వెయ్యండి.' అంతేగా!"

"మొన్న టిఫిను కొట్టాయన పెసరట్టులో ఉప్పు మర్చిపోతే, అద్భుతంగా ఉందని రెండోది కూడా వేయించుకున్న మనిషి మీరు."

"అది వేరు. ఎలా ఉందండీ అని అడిగేడు పాపం."

"ఈయనా అడుగుతాడేమో!"

"అడిగితే మరీ మంచిది, పని సులువవుతుంది," అన్నారు సుబ్బరాజు గారు ధీమాగా. "అసలు ఆ క్యారేజీ ఎందుకు? కాస్త గట్టిగా మాట్లాడ్డానికి వెళ్తూ కొబ్బరి బూరెలేంటి?"

"ఉత్త చేతుల్తో వెళ్తే బాగోదండీ."

బాగోదన్న మాటకి ఆ జిల్లాలో ఎదురు లేదు. క్యారేజీ ఆటో ఎక్కింది.

సంఘం కార్యదర్శి ఆనందరావు మాస్టారు కూడా ఎక్కారు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆదివారం చర్చిలోనే కాదు, మిగతా ఆరు రోజులూ కూడా అబద్ధమాడరు. అందుకే ఆయన్ని వెంటబెట్టుకున్నారు. దారిలో ఇద్దరూ ఆ ఒక్క మాటనీ చెరి సగం పంచుకున్నారు. కుర్రాళ్లకిచ్చేయండి అన్నంతవరకూ సుబ్బరాజు గారు, నాన్నగారి వేషం సంగతి మాస్టారు.

సముద్రం ఒడ్డున సరుగుడు తోటలో గొడుగు కింద చిన్నా కూర్చుని ఉన్నాడు. చారల టీషర్టు, భుజాన కాలేజీ సంచి, రెండు మోకాళ్ల మీదా వేడినీళ్ల సంచులు. విగ్గు మాత్రం పక్కనున్న మనిషి చేతిలో ఉంది, అతను దానికి పాపిడి తీస్తున్నాడు. వీళ్లని చూడగానే భార్గవచంద్ర సంచులు పక్కన పెట్టి లేచారు.

"సుబ్బరాజు గారూ! నా మొదటి సినిమాకి పడవ మాట్లాడి పెట్టిన సుబ్బరాజు గారేనా?"

ఆయన పేరు గుర్తు పెట్టుకోవడంతోనే సుబ్బరాజు గారి ధైర్యం సగం కరిగిపోయింది. మిగతా సగం క్యారేజీ మూత తీశాక కరిగింది. భార్గవచంద్ర రెండు బూరెలు తిని "చాలండీ" అన్నారు. సుబ్బరాజు గారు ఇంకో రెండు వేశారు. ఆయన నవ్వి ఒకటి తిన్నారు.

ఇక్కడ కోనసీమ భోజనాల సంగతి కొంచెం చెప్పుకోవాలి. విస్తరి ముందు కూర్చున్నవాడు మొదటిసారి చాలంటే అది మర్యాద. రెండోసారి అంటే మొహమాటం. మూడోసారి చేతులడ్డం పెట్టినా వేళ్ల సందులోంచి ఇంకొంచెం వడ్డించాల్సిందే. చాలన్నాడు కదా అని గరిటె వెనక్కి తీసుకున్న ఇంటి పేరు మూడు తరాలు చెప్పుకుంటారు.

"మీరు పాతవాళ్లు, మీ దగ్గర దాపరికమేంటి?" అన్నారు భార్గవచంద్ర చెయ్యి తుడుచుకుంటూ. "చిన్నాగా చేసింది ఇక చాలు అనుకుంటున్నాను. మీరేమంటారు?"

సుబ్బరాజు గారి చేతిలో ఇంకా బూరె ఉంది. దాని మహిమో, నలభయ్యేళ్ల అలవాటో గానీ, రిహార్సలు చేసుకున్న మాట గొంతులోనే ఉండిపోయి, "అయ్యయ్యో, అలా అనకూడదండీ!" అన్నది బయటికొచ్చింది.

"కాదండీ, మోకాళ్లు ఒప్పుకోవడం లేదు. తండ్రి వేషమైతే హాయిగా కూర్చుని చేసుకోవచ్చు."

సుబ్బరాజు గారు మాస్టారి వైపు చూశారు. మాస్టారు సముద్రం వైపు చూశారు. మొదటి సగం రాకుండా రెండో సగం ఎలా వస్తుంది? లెక్క తప్పుతుంది.

"మాస్టారూ, మీరు చెప్పండి," అన్నారు భార్గవచంద్ర.

మాస్టారు వెతికి వెతికి ఒక నిజం పట్టుకున్నారు. "మీ మొదటి సినిమా టీవీలో వస్తే, మా ఆవిడ ఇప్పటికీ అన్నం మాడ్చేస్తుందండి."

"మరి పోయినసారి జనం నవ్వేరటగా?"

ఆయన గొంతులో చిన్న వణుకు వినబడింది. అది వినలేకపోయారు సుబ్బరాజు గారు. "సంతోషం పట్టలేక నవ్వేరండి! మావాళ్లంతేనండి, ఆయ్. నాలుగే ఏంటండీ, ఐదూ ఆరూ కూడా రావాలి. ఇంకోడెవడైనా చిన్నా అంటే మేం హాలు గడప తొక్కం!"

చివరి మాట అన్నది తానేనని తెలియడానికి ఆయనకి కొంచెం టైము పట్టింది. అప్పటికి భార్గవచంద్ర కళ్లు చెమర్చాయి. మెల్లగా విగ్గు అందుకుని పెట్టుకుని, డైరెక్టర్ని పిలిచారు. "ఇంత దూరం వచ్చి అడుగుతుంటే ఎలా కాదంటాను? ఐదూ ఆరూ కూడా రాసుకోండి."

తిరిగి ఆటో ఎక్కబోతుంటే మేనేజరు పరుగెత్తుకొచ్చాడు.

"ఏం పని చేసేరండీ! కొత్త చిన్నా మేకప్పేసుకుని కేరవాన్‌లో కూర్చున్నాడు. ఇంకో గంటలో విలేకర్లొస్తున్నారు. పాత అభిమానులు ఊఁ అంటే ఈ రోజే తప్పుకుంటానన్నారు. ఆయన్ని ఒప్పించడానికి మాకు మూడు నెలలు పట్టింది. మీరు మూడు బూరెల్తో చెడగొట్టేరు!"

సుబ్బరాజు గారు ఆటో కమ్మీ పట్టుకుని అలాగే నిలబడిపోయారు. "అంటే... చాలన్నది నిజంగానేనా అండీ?"

ఆటో అమలాపురం చేరింది. ఇంట్లో సత్యదుర్గ ఆయన మొహం చూడగానే విస్తరి వేసేసింది.

"చెప్పేరా?"

"ఆయన అడిగేడే," అన్నారు సుబ్బరాజు గారు.

సాయంత్రం సంఘం మీటింగులో ఆయన ఏదీ దాచలేదు. బూరెల దగ్గర్నుంచి ఆరో భాగం దాకా అంతా చెప్పి, కుర్చీ పక్కకి జరిగి నిలబడ్డారు. "ఒట్టు ఒట్టే. నాకూ అరవై దాటేయి. ఇక చాలు, ఈ కుర్చీ ఎవరైనా తీసుకోండి." ఆ మాట అనగానే ప్రాణం ఎంతో తేలికపడింది. ఇక నిచ్చెనలెక్కి ఫ్లెక్సీలు కట్టించక్కర్లేదు, మధ్యాహ్నం ఓ కునుకు తియ్యొచ్చు అనుకున్నారు.

"అలా అనకూడదండీ రాజుగారూ!" అన్నారు సభ్యులు.

"కాదయ్యా, నిజంగానే."

"తవరు తప్ప ఇంకోడు అధ్యక్షుడంటే మేం సంఘం గడప తొక్కం!" అందరికంటే గట్టిగా అరిచినవాడు నాగబాబు. పద్నాలుగేళ్లుగా ఆ కుర్చీ కోసం ఎదురుచూస్తున్న ఉపాధ్యక్షుడు.

సుబ్బరాజు గారు మూడోసారి చేతులడ్డం పెట్టారు. నలుగురు కలిసి భుజాలు పట్టి కూర్చోబెట్టి, దండ వేసి, చప్పట్లు కొట్టారు. పొద్దున సరుగుడు తోటలో భార్గవచంద్ర కళ్లు చెమర్చింది ఆనందంతో కాదని ఆయనకి అప్పుడు తెలిసింది. తన కళ్లు కూడా తుడుచుకుని, "ఆయ్, మీ అభిమానం," అన్నారు.

ఆ కుర్చీ వెనక కాలు బీటలిచ్చి మూడు నెలలైంది గానీ, చెప్తే బాగోదని ఆయనకి ఎవరూ చెప్పలేదు.