హెల్గ్‌మోరా ఛైర్మన్ గారి తాళం సంచి

హెల్గ్‌మోరా మునిసిపల్ ఛైర్మన్ బిర్గెర్ స్టెన్‌క్రోనా మార్చి మొదటి సోమవారం ఉదయం సభాభవనంలో ఒక చారిత్రక ప్రకటన చేశారు. ఈ రోజు నుంచి హెల్గ్‌మోరా మునిసిపల్ ఉద్యోగులు ఎక్కడున్నారో ప్రపంచంలో ఏ శక్తికీ తెలియదు, అన్నారు. అంతకుముందు ఆ సంగతి ఏ శక్తీ అడిగిన దాఖలా లేదు. దూరదృష్టి అంటే అదే. అడగకముందే దాచిపెట్టడం.

ఛైర్మన్ గారు అంతకు వారం ముందు స్టాక్‌హోంలో రెండు రోజుల సదస్సుకి వెళ్లారు. జేబులో ఫోను మనం తిరిగే ప్రతి వీధినీ ఎవరికో చేరవేస్తుందని మొదటి రోజు చెప్పారు. దానికి ఏం చేయాలో రెండో రోజు చెప్పారట. మొదటి రోజు విన్నదానికే ఆయనకి కోపం వచ్చి రాత్రికి రాత్రే రైలెక్కేశారు.

రెండు వందల పన్నెండు మంది ఉద్యోగులకి రెండు వందల పన్నెండు సంచులు వచ్చాయి. బూడిద రంగు, లోపల లోహపు పొర, పైన పట్టణ చిహ్నమైన దుప్పి. డ్యూటీ ఎక్కగానే మునిసిపాలిటీ ఇచ్చిన ఫోను అందులో వేసి మూత నొక్కితే తాళం పడుతుంది. ఇక లోపలికి ఏ తరంగమూ పోదు, బయటికి ఏదీ రాదు. తాళం తీసే పరికరం ఊరంతటికీ ఒక్కటే. అది రికార్డుల కౌంటరు మీద, గుమాస్తా సిక్స్‌టెన్ ఎదుట, గొలుసుతో కట్టేసి ఉంటుంది.

అందరూ చప్పట్లు కొట్టారు. వెనక వరసలో కూర్చున్న హిల్లెవి బ్రూనెల్ కొట్టలేదు.

హిల్లెవి ఇళ్లకి వెళ్లి ముసలివాళ్లని చూసుకునే ఉద్యోగిని. స్నానం చేయించడం, మందులు వేయడం, ఓట్స్ జావ కాచిపెట్టడం. ఈ ఊరికి వచ్చి రెండేళ్లు. దక్షిణాన ఒక ఊళ్లో ఆమె మాజీ మొగుడు రోలాండ్ ఉన్నాడు. అతను ఆమె ఫోనులో ఏదో పెట్టి, ఆమె పారిపోయిన రెండు ఊళ్లకీ వెతుక్కుంటూ వెళ్లాడు. రెండో ఊళ్లో ఆమె ఎడమ మణికట్టు విరిగింది. ఏ యాప్‌కి ఏ అనుమతి ఇచ్చామో ఎక్కడ చూడాలో, లొకేషన్ ఎలా ఆపాలో, పాత ఖాతాలన్నీ వదిలి కొత్త నంబరు ఎలా తీసుకోవాలో, పక్కవాళ్ల ఫొటోలో పడకుండా ఎటు నిలబడాలో ఆమె నేర్చుకుంది. సదస్సులో కాదు. ఎముకల ఆసుపత్రి మంచం మీద, కుడి చేత్తో.

మూడో రోజే ఒక చిక్కు వచ్చింది. ఒక ముసలాయన స్నానాల గదిలో జారిపడితే, అతన్ని చూసుకునే మనిషి ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు. ఫోను సంచిలో ఉంది. దీన్ని వైఫల్యం అనకూడదు. సంచి పని చేస్తోందనడానికి అది రుజువు. ఛైర్మన్ గారు వెంటనే ఏడో నంబరు ఫారం ప్రవేశపెట్టారు. పేరు, ఏ ఇంటికి, ఏ దారిలో, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా. ప్రతి ఉద్యోగీ ఉదయం ఎనిమిది లోపు నింపి ఇవ్వాలి. సిక్స్‌టెన్ ముద్ర వేసి ఫైల్లో పెడతాడు. ఆ దేశంలో ముద్ర పడిన కాగితం ప్రజలందరిదీ. ఎవరైనా వచ్చి అడగవచ్చు. నువ్వెవరు, ఎందుకు అని గుమాస్తా అడగకూడదు. తరతరాలుగా వాళ్లు గర్వపడే చట్టం అది.

హిల్లెవి ఛైర్మన్ గారి గదికి వెళ్లింది.

"బిర్గెర్ గారూ, ఫోను నుంచి నా లొకేషన్ లాగాలంటే ఎంతోకొంత తెలివి ఉండాలి. ఈ ఫారానికి అదీ అక్కర్లేదు. చదవడం వస్తే చాలు."

"ఇది కాగితం, హిల్లెవీ. కాగితాన్ని ఎవడూ హ్యాక్ చేయలేడు."

"హ్యాక్ చేయడం దేనికండీ, కౌంటరు దగ్గర అడిగితే ఇస్తారుగా. నన్ను వెతికేవాడు ఒకడున్నాడు. కనీసం నా పేరు తీసేయండి."

"పేరు లేకపోతే ఎవరు ఎక్కడున్నారో ఎలా తెలుస్తుంది?"

"తెలియకూడదనే కదా మొదలుపెట్టారు."

ఆ మాట ఆయనకి నచ్చింది. ప్రసంగంలో వాడుకుంటానని డైరీలో రాసుకున్నారు. తర్వాత లేచి వచ్చి ఆమె భుజం తట్టారు. "భయం వేస్తే మా ఇంటికి వచ్చెయ్. టాల్‌వేగెన్ పదకొండు. నా తలుపు అందరికీ తెరిచే ఉంటుంది." ఈ మాట ఆయన మూడు ఎన్నికల్లో చెప్పి మూడూ గెలిచారు.

తన ఫారాలు ఎవరికీ చూపకుండా విడిగా పెట్టమని హిల్లెవి అర్జీ రాసింది. పరిశీలనలో ఉంది, పద్నాలుగు వారాలు పడుతుంది అని జవాబు వచ్చింది. జవాబు మాత్రం మర్నాడే వచ్చింది. హెల్గ్‌మోరాలో పనులు చురుగ్గా సాగుతాయి.

ఏప్రిల్లో జిల్లా వాళ్లు హెల్గ్‌మోరాకి భద్రతా బహుమతి ఇచ్చారు. విలేకరులు వచ్చారు. సంచులతో మీ ఉద్యోగులు దొరక్కుండా పోతున్నారా అని ఒకమ్మాయి అడిగింది. ఛైర్మన్ గారు ఫారాల ఫైలు ఎత్తి చూపించారు. "మా ఫారంలో ఏ ఇల్లు రాసి ఉంటే మా ఉద్యోగి ఆ ఇంట్లో ఉంటాడు. నిమిషం తేడా రాదు. హెల్గ్‌మోరాలో తప్పు ఫారం లేదు." ఆయన ఫారం చూపించమని మాత్రం ఎవరూ అడగలేదు. ఛైర్మన్ స్థాయి మనిషి ఎక్కడున్నాడో కాగితం మీద పెట్టడం భద్రతకి ముప్పు కాబట్టి ఆయన నింపరు. సంచి మాత్రం అందరికీ ఆదర్శంగా స్నానానికి కూడా వెంట తీసుకెళతారు.

ఫొటో తీసేటప్పుడు హిల్లెవి వెనక నిలబడి సంచిని మొహానికి అడ్డం పెట్టుకుంది. ఫొటోగ్రాఫరుకి అది బాగా నచ్చింది. మర్నాడు పత్రిక మొదటి పేజీ నిండా అదే బొమ్మ. మొహం ఎవరికీ కనిపించలేదు. కింద రాశారు: "ముఖం కూడా దాచుకున్న హెల్గ్‌మోరా ఉద్యోగిని హిల్లెవి బ్రూనెల్."

ఆ రోజు నుంచి హిల్లెవి ఫారం ఇంకా శ్రద్ధగా నింపసాగింది. ఇచ్చినప్పుడల్లా సిక్స్‌టెన్ ఆ కాగితం చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ చదివి ముద్ర వేసేవాడు. వచ్చిన కాగితం నిజమా కాదా అని చూడటం అతని పని కాదు.

ఎనిమిది ఫారాల తర్వాత, గురువారం మధ్యాహ్నం రెండింటికి, నీలం కోటు వేసుకున్న మనిషి కౌంటరు దగ్గరికి వచ్చాడు. నున్నగా గడ్డం గీసుకున్నాడు. మర్యాదగా మాట్లాడాడు. పత్రికలో బొమ్మ పడిన రోజు నుంచి హిల్లెవి బ్రూనెల్ నింపిన ఫారాలు కావాలన్నాడు. సిక్స్‌టెన్ అతని మొహం చూశాడు. ఎవరని అడగకూడదు. ఎందుకని అడగకూడదు. కాపీలు తీసి ఇచ్చాడు. తొమ్మిది పేజీల దాకా ఉచితం. అవి ఎనిమిదే.

ఆ మనిషి తలుపు దాటగానే సిక్స్‌టెన్ హిల్లెవికి ఫోన్ చేశాడు. సంచి. ఛైర్మన్ గారికి చేశాడు. సంచి. పోలీసులకి చేశాడు. వాళ్ల బండి ఎనభై కిలోమీటర్ల అవతల ఉంది. ఆమె ఇప్పుడు ఎక్కడుందని అడిగారు. అతను ఫారం చూసి చదివాడు.

"రెండింటి నుంచి మూడున్నర దాకా, టాల్‌వేగెన్ పదకొండు."

గురువారం మధ్యాహ్నాలు ఛైర్మన్ గారు ఇంట్లో ఆవిరి గదిలో ఉంటారు. ఇది ఏ ఫారంలోనూ లేదు. తలుపు చప్పుడైతే తువ్వాలు చుట్టుకుని, చేతిలో సంచితో వచ్చి తీశారు.

"హిల్లెవిని పిలవండి," అన్నాడు రోలాండ్.

"ఏ హిల్లెవి?"

రోలాండ్ తువ్వాలు వంక చూశాడు. తర్వాత కాగితం చూపించాడు. "నా పెళ్లాం. రోజూ రెండింటికి మీ ఇంట్లోనే ఉంటోంది. ముద్ర మీదే కదా?"

"ముద్ర మాదే. ఆమె మాత్రం ఇక్కడ లేదు."

"అయితే కాగితం తప్పా?"

ఛైర్మన్ గారు ఆలోచించారు. పత్రికలో చెప్పిన మాట, జిల్లా బహుమతి, వచ్చే ఏడాది ఎన్నికలు, అన్నీ ఆలోచించారు.

"కాగితం తప్పు కాదు," అన్నారు.

తర్వాత పోలీసుల బండి వచ్చేదాకా, గంటా ఇరవై నిమిషాలు, ఆయన ఆవిరి గదిలో లోపలి నుంచి తలుపు పట్టుకుని ఉన్నారు. సంచిని నీళ్లు పోసే గరిటెతో పొడిచారు, వేడి రాళ్ల మీద పెట్టారు, కొరికారు. పంటి గాట్లు పడ్డాయి గానీ తెగలేదు. నాణ్యమైన సరుకు. అంతసేపూ ఆయన ఎక్కడున్నారో రోలాండ్‌కి తప్ప ప్రపంచంలో ఏ శక్తికీ తెలియదు.

ఆ వేళకి హిల్లెవి ఊరి ఆ చివర, తొంభై ఒక్క ఏళ్ల గెర్డా ఇంట్లో జావ కాస్తోంది. జరిగిందంతా ఆమెకి మర్నాడు తొమ్మిదిన్నరకి కాఫీ బల్ల దగ్గర తెలిసింది. ఆ ఊళ్లో కాఫీ బల్లకి తెలియనివి ఉండవు.

శుక్రవారం ఛైర్మన్ గారి ఇంటి అడ్రసు అన్ని మునిసిపల్ కాగితాల నుంచీ రహస్యం చేశారు. అత్యవసర నిర్ణయం. నలభై నిమిషాలు పట్టింది. రోలాండ్ ఎవర్నీ కొట్టలేదు, తలుపు గడియ మాత్రం విరిచాడు కాబట్టి పోలీసులు హెచ్చరించి మధ్యాహ్నమే వదిలేశారు. హిల్లెవికి ఒక నోటీసు వచ్చింది. ఫారంలో తప్పు అడ్రసు రాయడం క్రమశిక్షణ ఉల్లంఘన. ఎనిమిది ఫారాలూ అసలు అడ్రసులతో మళ్లీ నింపి సాయంత్రం లోపు ఇవ్వాలి. కౌంటరు వేళలు మామూలే.

సిక్స్‌టెన్ ఖాళీ ఫారాలు ముందుకి తోశాడు. ఆమె మొహం వైపు చూడలేదు.

"వదిలేశారటగా?" అంది హిల్లెవి.

"మూడింటికి."

"మళ్లీ వచ్చి అడిగితే?"

"ఇవ్వాలమ్మా," అన్నాడు సిక్స్‌టెన్.

ఆమె ఒక్క ఫారం తీసుకుంది. పేరు రాసింది. ఏ ఇంటికి అన్నచోట ఖాళీ. ఏ దారిలో అన్నచోట ఖాళీ. ఎన్నింటి దాకా అన్నచోట ఖాళీ. దాని మీద సంచి పెట్టింది, లోపల మునిసిపాలిటీ ఫోనుతో సహా, తాళం వేసే ఉంది. కోటు బొత్తాలు పెట్టుకుని వెళ్లిపోయింది. సిక్స్‌టెన్ ఫారం అటూ ఇటూ తిప్పి చూశాడు. ముద్ర వేసి ఫైల్లో పెట్టాడు.

సోమవారం ఉదయం ఛైర్మన్ గారు సభాభవనంలో మరో ప్రకటన చేశారు. హెల్గ్‌మోరా తన లక్ష్యం సాధించిందన్నారు. మన ఉద్యోగిని ఒకరు ఈ క్షణాన ఎక్కడున్నారో ప్రపంచంలో ఏ శక్తికీ తెలియదన్నారు. హిల్లెవి వదిలి వెళ్లిన సంచిని తల మీదికి ఎత్తి అందరికీ చూపించారు. రెండు వందల పదకొండు మంది లేచి చప్పట్లు కొట్టారు.

అందులో ఉన్న ఫోనుకి గెర్డా ఆ ఉదయం ఆరింటి నుంచి పదకొండుసార్లు చేసింది. అది మోగలేదు.