జెకర్యా గాడిద ఓర్పు

ఒక పెద్ద అడవిలో, మద్దిచెట్ల నీడన, జంతువుల సంఘం ఒకటుండేది. ప్రతి ఆదివారం కొంగ అయ్యగారు ప్రసంగం చెప్పేవారు. ఆ తరవాత సాక్ష్యాలు, అంటే దేవుడి దయవల్ల తామేం చేశారో ఒక్కొక్కరే లేచి చెప్పుకోవడం. అయ్యగారి పక్కన బల్లపరుపు బండ ఒకటుంది. సంఘపెద్ద తప్ప ఇంకెవరూ దానిమీద కూర్చోకూడదు. ముసలి ఏనుగు పోయినప్పటినించీ ఆ బండ ఖాళీ. కోతల పండుగనాడు కొత్త పెద్దని ఎన్నుకుంటారట.

ఆ బండమీద జెకర్యా గాడిదకి కన్నుంది.

"నాకేం తక్కువ?" అని తనని తానే అడిగేవాడు. గొంతు సంగతి తలచుకుని తల దించుకునేవాడు. తెలివి సంగతి తలచుకుని మాట మార్చేవాడు. "పోనీ, ఓర్పుంది. గాడిదకి అదీ లేకపోతే ఇంకేముంటుంది," అనుకునేవాడు చివరికి.

ఓర్పు చూపించాలంటే ముందు ఎవడో ఒకడు కీడు చెయ్యాలి. దేవుడి దయవల్ల పక్కనే మల్లడనే అడవిపంది ఉన్నాడు. వాడొచ్చి జెకర్యా చిలగడదుంపల మడి సగం కుళ్లగించి పోయాడు.

జెకర్యా ఆదివారం సాక్ష్యానికి లేచాడు.

"స్తోత్రం. ఒక సహోదరుడు నా దుంపలు తినేశాడు. పేరు చెప్పను. మూతి బురదగా ఉంటుంది. నేను క్షమించేశాను. ఆయన కోసం మీరంతా ప్రార్థన చెయ్యండి."

సంఘమంతా కళ్లు మూసుకుని మల్లణ్ణి తిట్టుకుంది.

"ఎంత ఓర్పు నాయనా నీది," అంది తాబేలమ్మ.

"కీడు చేసినవాడికి కడుపునిండా పెట్టండి బ్రదర్. సిగ్గుతో వాడి తల నిప్పుల కుండైపోతుంది," అన్నారు అయ్యగారు.

ప్రసంగాలన్నిట్లోనూ జెకర్యాకి బాగా నచ్చిన మాట అదే. మర్నాడే గంపెడు దుంపలు మోసుకెళ్లి మల్లడి ముందు పెట్టాడు.

"ఏం కలిపావు ఇందులో?" అన్నాడు మల్లడు.

"ప్రేమ."

మల్లడు అనుమానంగానే అంతా తినేశాడు. జెకర్యా వాడి తలకేసి చూస్తూ నిలబడ్డాడు. పొగ రాలేదు.

"తల ఏమన్నా వేడిగా ఉందా తమ్ముడూ?"

"లేదే. కడుపు చల్లగా ఉంది."

జెకర్యా రోజూ మోశాడు. మోసిందంతా ఆదివారం చెప్పాడు. మడి తరిగింది, సాక్ష్యం పెరిగింది.

ఒకరోజు వెళ్లేసరికి మల్లడి పిల్ల జ్వరంతో వణుకుతోంది. వాగు పొంగుతోంది. వైద్యుడు ఎలుగుబంటేమో అవతలి గట్టున. జెకర్యా గంప కింద పడేసి, పిల్లని వీపున వేసుకుని, మెడలోతు నీళ్లలో వాగు దాటించాడు. ఆ కంగారులో మల్లడి తలకేసి చూడటం మర్చిపోయాడు. ఆదివారం చెప్పడమూ మర్చిపోయాడు.

కోతల పండుగ వచ్చింది. కొత్త పెద్ద ఎవరో అయ్యగారు చెప్పబోతుండగా మల్లడు సంఘం మధ్యకొచ్చాడు. మూతి కడుక్కుని మరీ వచ్చాడు.

"నేను దొంగని," అన్నాడు. దుంపల సంగతి చెప్పాడు. వాగు సంగతి చెబుతూ ఏడ్చేశాడు. "జెకర్యన్న మడి నిన్న నేనే దున్ని తీగ నాటాను."

సంఘం వెక్కివెక్కి ఏడ్చింది. జెకర్యా బండకేసి ఒక అడుగు వేశాడు.

"ఇంత మారినవాడే మనకి పెద్దగా ఉండాలి," అంది తాబేలమ్మ. అందరూ ఆమెన్ అన్నారు.

"మరి జెకర్యా..." అని ఎవరో గొణిగారు.

"బ్రదర్ ఏమీ అనుకోరు," అన్నారు అయ్యగారు. "ఆయన ఓర్పు మనందరికీ తెలిసిందేగా."

మల్లడు మొహమాటపడుతూ బండెక్కాడు. ఆ తరవాత ఏం జరిగిందో జెకర్యాకి సరిగ్గా తెలియదు. కాళ్లు వెనక్కి లేచాయి. మల్లడు వెళ్లి తుప్పల్లో పడ్డాడు.

సంఘం నోరు తెరిచింది. జెకర్యా ఇంటికి పరుగెత్తాడు.

పొద్దున్నే గుమ్మం ముందు అలికిడి. కుంటుకుంటూ మల్లడు. నెత్తిన గంపెడు దుంపలు.

"కోపం పోయిందా అన్నా? తిను, ఏమీ కలపలేదు."

జెకర్యా సిగ్గుతో చెవుల చివర్లదాకా కాలిపోయాడు. అంత బాధలోనూ నవ్వొచ్చింది.

"ఇన్నాళ్లూ నీ తలమీద వెతికాను తమ్ముడూ," అన్నాడు. "నిప్పులు ఇక్కడున్నాయి."

నీతి: శత్రువుని ప్రేమించే ముందు, వాడు నిజంగానే మారిపోతే మన గతేమిటో ఒకసారి ఆలోచించుకోవాలి.