మన్సూరాబాద్‌లో వోల్టేజీ సంతృప్తికరం

సత్యం ఒక్కటేనని పెద్దలంటారు. మన్సూరాబాద్‌లోని మా కాలనీలో వోల్టేజీ మాత్రం రెండు రకాలు: అధికారి ఉన్నప్పటిది, లేనప్పటిది. మొదటిది శాస్త్రం, రెండోది పుకారు.

ఇంటింటికీ రెండు వందల ముప్ఫై వోల్టులు అందాలని నియమం. ట్రాన్స్‌ఫార్మర్ పక్కింటికి అందుతాయి కూడా. అక్కణ్ణుంచి కరెంటు, పెళ్లిలో ఆఖరి బంతికొచ్చిన సాంబారులా పలచబడుతూ వీధి చివరికి చేరుతుంది. ఆ చివర యాదలక్ష్మి పిండి గిర్ని ఉంది. ఆమె కుటుంబం బతికేది దాని మీదే. ఎండాకాలం సాయంత్రాల్లో మీట నొక్కితే మోటారు తిరగదు, మూలుగుతుంది. ఒకసారి కాలిపోతే బాగుచేయించింది. ఇంకోసారి కాలితే ఇక పనికిరాదని మెకానిక్ భిక్షపతి చెప్పేశాడు.

ఆమె ఫిర్యాదు చేసింది. వోల్టేజీ సంతృప్తి అధికారి ఉపేంద్ర గారు స్వయంగా వస్తున్నారని కబురందింది.

కాలనీ గుండె ఝల్లుమంది. మా ఇళ్లకు మంజూరైన లోడు రెండు ఫ్యాన్లకూ నాలుగు లైట్లకూ సరిపోయేది. నడుస్తున్నవి ఏసీలు. (మా ఇంట్లో నాది ఫ్యాన్ మాత్రమే. ఏసీ మా ఆవిడది.) సంఘం అధ్యక్షులు శ్రీరామమూర్తి గారు వాట్సాప్‌లో ఆదేశమిచ్చారు: "అధికారి వెళ్లేదాకా అందరూ ఏసీలు ఆపెయ్యండి. యాదలక్ష్మికి మనందరి సంపూర్ణ మద్దతు."

ఉపేంద్ర గారు గిర్నిలో మీటరు పెట్టారు. "రెండొందల ముప్ఫై ఆరు! మీకు ఎక్కువే వస్తోందమ్మా." (ఎక్కువైన ఆరు వోల్టులు వాపసు అడగకపోవడం ఆయన సంస్కారం.)

"రోజూ గిట్ల రాదు సార్. మీరొస్తున్నరని అందరు ఏసీలు బంద్ చేసిన్రు. జర అడుగుండ్రి."

ఆయన మావైపు తిరిగారు. "ఇక్కడ ఏసీలున్నాయా?"

"అబ్బే, మాకెందుకండీ? చెట్ల గాలి చాలు," అన్నారు శ్రీరామమూర్తి గారు చెమట తుడుచుకుంటూ. (ఉన్న ఒక్క చెట్టునూ వైర్లకు తగులుతోందని నిరుడే కొట్టేశారు.) మేమంతా తలలూపాం. నాకు సిగ్గేసింది, అయినా ఊపాను.

"అట్లయితే మీరు ఈడనే కూసోండి సార్," అంది యాదలక్ష్మి. "మీరుంటే గిర్ని నడుస్తది."

"అలాంటి పోస్టు మంజూరు కాలేదమ్మా," అని ఆయన 'సంతృప్తికరం' అని రాసుకున్నారు.

కరెంటు బాగుందని, అధికారి ముందే ఆమె గోధుమలు పోసి గిర్ని వేసింది. చాన్నాళ్లకు మోటారు హాయిగా తిరిగింది. ఆమె ముఖంలో నవ్వు చూశాను. ఉపేంద్ర గారి బండి సందు మలుపు తిరగ్గానే ఏసీలన్నీ ఒక్కసారిగా లేచాయి. మోటారు మూలిగింది. ఆమె మీట దగ్గరికి పరిగెత్తేలోపే పొగ వచ్చింది.

ఆదివారం సంఘం సమావేశమైంది. గిర్ని ఆగినప్పటి నుంచి వోల్టేజీ కొంచెం పెరిగినట్లు సభ్యులు గమనించారు. కాబట్టి లో వోల్టేజీకి కారణం గిర్నియేనని ఏకగ్రీవంగా తీర్మానించారు. కాలనీ కోసం ఆమె చేసిన త్యాగానికి సన్మానం కూడా పెట్టారు.

శాలువా కప్పుతూ శ్రీరామమూర్తి గారు ఆమె చెవి దగ్గరికి వంగారు.

"అమ్మా, ఆ రోజు గిర్నిలో పోసినవి మా గోధుమలే. ఇచ్చేస్తే కొత్తపేట గిర్నిలో పట్టించుకుంటాం."