అగ్గిపెట్టెంత సూట్‌కేసు

లాపాజ్ ఊళ్లో జనవరి ఇరవై నాలుగున ఎవరి ఆశలూ దాగవు. ఆ రోజు జరిగే అలసీతాస్ బొమ్మల సంతలో ఇల్లు కావాల్సినవాడు బొమ్మ ఇల్లు కొంటాడు, కారు కావాల్సినవాడు బొటనవేలంత కారు కొంటాడు. సరిగ్గా మధ్యాహ్నం పన్నెండింటికి దాన్ని ధూపం పొగలో పట్టి దీవెన చేయిస్తే, ఏడాది తిరిగేలోగా అసలుది ఇంటికొస్తుందని నమ్మకం.

సెవెరో మాత్రం ఎప్పుడూ ఏమీ కొనడు. ఆ పేరుకు అర్థం కఠినుడనే గానీ మనిషి ఉత్త మెతక. చెప్పుల కొట్లో గుమాస్తాగిరీ, ఇంటికొచ్చి కుర్చీలో కునుకు. కూతురికి పెళ్లయి వెళ్లాక ఆ కునుకు ఇంకా చిక్కబడింది.

భార్య నిల్దాకి సరిగ్గా అప్పుడే మెలకువొచ్చింది. "ఈ చలికొండ మీద ఇంకెన్నాళ్లయ్యా? కింద యుంగాస్ లోయలో, నారింజ తోటల్లో చిన్న భోజనం హోటలు పెట్టుకుందాం" అని ఏడాదిగా పోరుతోంది. సెవెరో "చూద్దాంలే" అని అటు తిరిగి పడుకునేవాడు.

ఈ ఏటి సంతలో ఆమె సంచి నోరు తెరుచుకుని ఉంది. సెవెరో తొంగి చూశాడు. లోపల అగ్గిపెట్టెంత సూట్‌కేసు. ఒక్కటంటే ఒక్కటే!

అంటే ఒక్కతే వెళ్లిపోతుందా? ఎందుకని అడుగుదామనుకున్నాడు. అడిగితే చెప్పేస్తుందేమోనని భయపడి మానేశాడు.

ధూపం పొగలో అతనికి నిల్దా కనిపించింది. మబ్బుల్లోంచి మెల్లగా లోయలోకి దిగిపోతోంది. గాలి నిండా నారింజ పూల వాసన. ఎవడో మీసాలవాడు ఆమె టోపీ మీద రాలిన పూరేకులు ఒక్కొక్కటే ఏరుతున్నాడు.

"ఎవడ్రా నువ్వు!" అని పైకే అరిచాడు సెవెరో.

"ఎవరినయ్యా?"

"ఎవడో మీసాలవాడు నా కాలు తొక్కాడు."

"ఈ చుట్టుపక్కల మీసాలు నీకు తప్ప ఎవరికీ లేవు" అంది నిల్దా.

ఇప్పుడే వస్తానని పరిగెత్తి, అరచేతిలో పట్టే గ్యాసు పొయ్యి కొన్నాడు. పొయ్యి ఉన్న ఆడది ఇల్లు కదలదని అతని లెక్క. పన్నెండు గంటలు మోగాయి. జనం తోసుకుంటుంటే సంచిలో చేయి పెట్టి, పొయ్యి పడేసి, సూట్‌కేసు లాగి జేబులో కుక్కుకున్నాడు. ఇంత జరుగుతున్నా నిల్దా ఎదురుగా ఉన్న మంచుకొండనే చూస్తూ నిలబడింది.

దీవించే పెద్దాయన పూరేకులు చల్లుతూ వచ్చి సెవెరో జేబు దగ్గర ఆగాడు. "ఇంత ఉబ్బెత్తుగా ఉందేంటి నాయనా? సిగ్గుపడకు, ఫలిస్తుంది!" అని దాని మీద వైన్ పోశాడు.

"వద్దు పెద్దాయనా! అది నాది కాదు!"

"నీది కానిది నీ జేబులోకెలా వచ్చింది?" అన్నారెవరో. జనం గొల్లుమన్నారు.

నిల్దా సంచిలోంచి పొయ్యి తీసి అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"నన్నొదిలి పోతావేమోనని భయమేసిందే" అన్నాడు సెవెరో, తల వంచుకుని. "పొయ్యి చూసైనా ఆగిపోతావని..."

"కొనుక్కున్నదానికన్నా ఒకరిచ్చింది బాగా ఫలిస్తుందిటగా. హోటలుకి పొయ్యి కావాలి. నీ చేత్తో నువ్వే ఇచ్చావు, సంతోషం."

"మరి ఈ సూట్‌కేసు?"

"నీకోసం తెచ్చిందే. నువ్వు కొనవు. ఇస్తే వద్దంటావు. ఇక దొంగిలించడం ఒక్కటే మిగిలింది. అందుకే పొద్దున్నించీ సంచి తెరిచి పట్టుకు తిరుగుతున్నా. చేయి పడిపోయిందనుకో!"

సెవెరో జేబు తడుముకున్నాడు. "మరి నీది?"

"మంచం కింద ఉంది. అసలుదే. సర్దేసి చాలా రోజులైంది." ఆమె గొంతులో వేళాకోళం పోయింది. "నువ్వు సంచిలో చేయి పెట్టకపోయుంటే, రేపు పొద్దున్నే ఒక్కదాన్నే బస్సెక్కేదాన్ని."

సెవెరో తడిసిన జేబుని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు.

"బస్సు ఎన్నింటికే?" అని అడిగాడు.