గ్రేసమ్మ తుంటికి దొరికిన అన్నయ్యలు

ఆరోగ్యంగా ఉన్నవాళ్లను చూస్తే జాలి వేయాలి. నమ్మరా? అయితే 2021లో ఆక్లాండ్‌లో ఇరుక్కుపోయిన తెలుగువాళ్లను అడగండి. ఒంట్లో ఏ జబ్బూ లేదన్న ఒకే ఒక్క కారణంతో సొంత ఊరికి వెళ్లలేకపోయినవాళ్లు కనీసం వీధికొకరు దొరుకుతారు!

కరోనా రాగానే ఇండియా టూరిస్టు వీసాలు ఆపేసింది. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు ఇబ్బంది లేదు. భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నవాళ్లూ వెళ్లొచ్చు. మిగిలినవాళ్లు ఒక జాతి. న్యూజిలాండ్ పాస్‌పోర్టు తీసుకుని, ఎయిర్‌పోర్టులో పొడుగు లైను తప్పిందని మురిసిపోయి, ఓసీఐ కార్డు సంగతి వచ్చే ఏడాది చూద్దాంలే అనుకున్నవాళ్లు. వాళ్లలో చాలామందికి కనిపించిన తలుపు ఒక్కటే: మెడికల్ వీసా. రోగం ఉంటే రావచ్చు. లేకపోతే ఇంట్లో కూర్చోవచ్చు. ఇంతకన్నా న్యాయమైన నిబంధన ఉంటుందా?

ఆక్లాండ్ శివారు పాపటోయిటోయిలో ఉండే గ్రేసమ్మకు ఆ అదృష్టం పట్టింది. వయసు నలభై తొమ్మిది. రెస్ట్‌హోమ్‌లో కేర్‌గివర్. పదకొండేళ్లుగా ముసలివాళ్లను మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి మార్చింది. కుడి తుంటి అరిగిపోయింది. క్రిస్మస్‌లోగా ఆపరేషన్‌కు వెళ్తే మూడు నెలలు ఉద్యోగం ఆపి ఉంచుతానంది మేనేజరు. లేదంటే ఇంకొకరిని తీసుకుంటానంది.

ఇక్కడి సర్కారు ఆసుపత్రివాళ్లు ఆపరేషన్ చేయాలా వద్దా అని ఆమె నొప్పికి మార్కులు వేశారు. పాస్ మార్కులు రాలేదు! నొప్పి పెరిగితే మళ్లీ రమ్మని మర్యాదగా ఉత్తరం రాశారు. గుంటూరు ఆసుపత్రివాళ్లు వెంటనే రమ్మన్నారు. వీసా కోసం ఆమెకు జబ్బు ముదిరి ఉండాలి. విమానం కోసం పదిహేడు గంటలు కూర్చోగలిగేంత బాగుండాలి. తుంటి ఒకటే, కాగితాలు మూడు, మూడింటిలోనూ ముగ్గురు గ్రేసమ్మలు! ఆరోగ్యంగా ఉన్నవాడికి ఇన్ని అవతారాలు ఎత్తే అవకాశం ఎక్కడిది?

అసలు మేలు ఇంకా చెప్పలేదు. రోగికి తోడుగా వెళ్లే మనిషికి కూడా వీసా ఇస్తారు. భార్యో భర్తో, లేదా రక్తసంబంధీకులో అయ్యుండాలి. భర్త సుందర్ రాజుకు వేర్‌హౌస్‌లో షిఫ్టులు, కూతురు లవ్లీకి స్కూలు ఆఖరి ఏడాది పరీక్షలు. కాబట్టి ఆయన కదలడానికి లేదు. తోడు సీటు ఖాళీగా ఉంది. ఈ మాట సుందర్ రాజు ఎండుమిరపకాయలు కొంటూ కొట్టువాడితో అన్నాడు. సాయంత్రానికి అది తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే శాండ్రింగ్‌హామ్ చేరింది.

మర్నాడు రామమోహన్ ఫోన్ చేశాడు. ఆయన సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టు. హైదరాబాద్‌లో కొన్న ఫ్లాట్ తాళాలు తీసుకోవడానికి ఏడాదిన్నరగా దారి వెతుకుతున్నాడు. ఉగాది భోజనాల్లో గ్రేసమ్మతో పరిచయం. ఏటా క్రిస్మస్‌కు ఆమె ఆయన ఇంటికి కేకు పంపుతుంది. ఏటా సరిగ్గా ఆ రోజే ఆయన ఇంట్లో అందరికీ ఉపవాసం.

"చెల్లెమ్మా, నడుస్తున్నావా? అస్సలు నడవకు!" అన్నాడు.

"నడవకపోతే ఫోనెవరు తీస్తారండీ?"

"అదీ నిజమేలే. మీ నాన్నగారిది బాపట్ల కదూ? మా అమ్మమ్మగారిది చీరాల. మధ్యలో ఎంతని, పదిహేను కిలోమీటర్లు. వెనక్కి వెళ్తే ఎక్కడో అక్కడ కలుస్తామమ్మా."

"ఎంత వెనక్కి వెళ్లమంటారు?"

"నువ్వేం వెళ్లక్కర్లేదు. ఫారంలో బ్రదర్ అని పడేయ్, చాలు. ఆ రోజుల్లో బర్త్ సర్టిఫికెట్లు ఎవరు సరిగ్గా రాశారు?"

"మా బాప్తిస్మం రిజిస్టరు సరిగ్గానే రాశారండీ. పాస్టరుగారిని అడిగి మీ పేరు ఎక్కించమంటారా?"



"రక్తానికి మతమేమిటమ్మా!" అన్నాడు.

విన్నారా! ఎన్ని సంఘాలు పెట్టి, ఎన్ని శాలువాలు కప్పినా రాని ఐకమత్యం ఒక్క తుంటి అరిగితే వచ్చేసింది. ఆ వారంలో గ్రేసమ్మకు నలుగురు అన్నయ్యలు, ఒక అక్క పుట్టుకొచ్చారు. లాక్‌డౌన్ కాబట్టి ఎవరూ లోపలికి రారు. గుమ్మం ముందు డబ్బాలు పెట్టి, బెల్లు కొట్టి, కారు దాకా వెనక్కి వెళ్లి చేతులూపుతారు. సోమవారం గుత్తివంకాయ. మంగళవారం పులిహోర. బుధవారం రెండు ఇళ్ల నుంచి పప్పుచారు. సుందర్ రాజు రెండూ రుచి చూసి, చిన్నన్నయ్యగారి చారే బాగుందని తీర్పు చెప్పాడు.

"అమ్మా, హూ ఆర్ దీజ్ పీపుల్?" అంది లవ్లీ కిటికీలోంచి చూస్తూ.

"మీ మామయ్యలు."

"సిన్స్ వెన్?"

"సోమవారం నుంచి."

అక్క పేరు నిరుపమ. ఆమెకు తమ్ముడి పెళ్లి ఉంది. రోజూ పొద్దున్నే "మోకాలు ఎలా ఉంది?" అని మెసేజ్ పెట్టేది. మోకాలు కాదు, తుంటి అని గ్రేసమ్మ రెండుసార్లు దిద్దింది. మూడోసారి, మోకాలు బాగానే ఉందని రాసింది. అందులో అబద్ధమేమీ లేదు.

ఫారం నింపేటప్పుడు తోడు ఎవరన్న చోట "లేరు" అని రాసింది గ్రేసమ్మ. గుంటూరులో దిగితే సొంత చెల్లెలుంది. చెల్లెలు నర్సు. ఈ సంగతి బుధవారం సాయంత్రం రామమోహన్‌కు చెప్పింది. గురువారం గుమ్మం ముందు ఏ డబ్బా లేదు.

అక్టోబరు మొదటి వారంలో వీసా వచ్చింది. వెళ్లడానికి జబ్బు చాలు. తిరిగి రావడానికి లాటరీ తగలాలి! న్యూజిలాండ్‌లో దిగినవాళ్లు రెండు వారాలు క్వారంటైన్ హోటల్లో ఉండాలి. గది ముందే దొరకాలి. గదుల కోసం ఆన్‌లైన్ క్యూ. అందులో ఎవరి నంబరు ఎంతన్నది కంప్యూటరు ఇష్టం. ఎక్కువసేపు కూర్చుంటే గ్రేసమ్మకు నొప్పి. అందుకని లాప్‌టాప్‌ను మైక్రోవేవ్ మీద పెట్టుకుని నిలబడి చూసింది. మొదటిసారి ఆమె ముందు 21,306 మంది. రెండోసారి 17,940 మంది.

"ఇంప్రూవ్ అవుతున్నాం," అన్నాడు సుందర్ రాజు.

మూడోసారి 23,011 మంది.

గది లేకుండా వెళ్లిపోవచ్చు. కానీ ఎప్పుడు తిరిగొస్తుందో ఎవరూ చెప్పలేరు. మూడు నెలలు దాటితే ఉద్యోగం ఉండదు. సాఫ్ట్‌వేరైతే ఎక్కడున్నా చేసుకోవచ్చు. ముసలివాళ్లను గుంటూరు నుంచి జూమ్‌లో లేపి కూర్చోబెట్టగలమా?

నవంబరు పదిహేనున ఇండియా మళ్లీ టూరిస్టు వీసాలు ఇవ్వడం మొదలుపెట్టింది. జబ్బు లేనివాళ్లకు కూడా ప్రవేశం! ఎంత అన్యాయం! ఆ పూటతో గ్రేసమ్మ నలుగురు అన్నయ్యలనూ, ఒక అక్కనూ పూర్తిగా పోగొట్టుకుంది. వాళ్లంతా క్షేమంగానే ఉన్నారు. టికెట్లు బుక్ చేసుకుంటున్నారు.

డిసెంబరు తొమ్మిదిన రామమోహన్ ఎయిర్‌పోర్టు నుంచి ఫోన్ చేశాడు. ఆయన బోర్డింగ్ లైన్లో ఉన్నాడు. ముందు ఇంకా ముప్పై మంది ఉన్నారట. తిరుగు గది దొరికేదాకా హైదరాబాద్ నుంచే పని చేసుకోమని కంపెనీ చెప్పిందట.

"గ్రేస్‌గారూ, గుంటూరు కూడా వెళ్తున్నాం. అక్కడి నుంచి మీకేమైనా తెమ్మంటారా? కారప్పొడి? గోంగూర? మొహమాటపడకండి."

గ్రేసమ్మ గోడ పట్టుకుని నిలబడి ఉంది. క్రిస్మస్ పదహారు రోజుల్లో ఉంది. ఆ ఉదయమే రెస్ట్‌హోమ్‌వాళ్లు క్రిస్మస్ తర్వాత చేరేలా ఆమె ఉద్యోగానికి ప్రకటన ఇచ్చారు.

"ఒక తుంటి తెచ్చిపెట్టండి అన్నయ్యగారూ," అంది. "కుడివైపుది."

అవతల మైకులో ఏదో ప్రకటన వినిపించింది. ఆయన ఎవరితోనో "ఆఁ, వస్తున్నా, వస్తున్నా" అన్నాడు. తర్వాత ఫోన్లోకి వచ్చాడు.

"తప్పకుండా అమ్మా. లగేజీలో చోటుంటే."